వేదిక మీద అందరూ, కింద నాంపల్లి

నా పేరు భిక్షపతి. ఒక విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. 'చేస్తున్నాడు' అనే మాటను మా గైడుగారు ఒప్పుకోరు. 'ఉంటున్నాడు' అంటారు. మనుషులు సంఘాలెందుకు పెట్టుకుంటారన్నది నా పరిశోధనాంశం. జవాబు కోసం ఏళ్ల తరబడి గ్రంథాలయమంతా గాలించాను గానీ, నేనే ఒక సంఘానికి అధ్యక్షుణ్ని అయ్యేదాకా దొరకలేదు. జవాబు చాలా చిన్నది. వేదిక మీద ఒక కుర్చీ ఉంటుంది, దాని వీపున మన పేరు అంటించి ఉంటుంది. అంతే. ఇంత చిన్న జవాబుకు ఎవరూ డాక్టరేటు ఇవ్వరు కాబట్టి దీన్ని కథగా రాస్తున్నాను.

మా గ్రంథాలయానికీ హాస్టళ్లకూ నడుమ ఒక కల్వర్టు ఉంది. దాని కింద నీళ్లు పారగా చూసినవాళ్లు క్యాంపస్‌లో లేరు. దానికి మోకాలెత్తు పిట్టగోడ. రోజూ ఎండ దిగాక మేం నలుగురం ఆ గోడ మీద కూర్చునేవాళ్లం. కూర్చుని ఏం చేసేవాళ్లమంటే చెప్పడం కష్టం. తర్వాత డీన్‌గారు ఇదే ప్రశ్న అడిగినప్పుడు కూడా కష్టమే అయింది.

స్వరూప వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఎవరేం మాట్లాడినా అందులో ఒక తప్పు దిద్దకపోతే ఆమెకు పొద్దు గడవదు. యాకూబ్ ఎంకాం. తాను చూడని సినిమాల కథలు, చూసినవాళ్లకు చెబుతాడు. నా సంగతి చెప్పాను కదా. నాలుగోవాడు నాంపల్లి. చరిత్ర ఎమ్మే, సిరిసిల్ల దిక్కు పల్లెటూరివాడు.

నాంపల్లి ఏం చేస్తాడంటే, నవ్వుతాడు. ఎదుటివాడి మాట పూర్తికాకముందే నవ్వుతాడు. ఆ మాట ఎటు పోతుందో ముందే తెలిసిపోయినట్టు భుజాలు ఊపుకుంటూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతాడు. వాడు నవ్వితే నా మాటల్లో నిజంగానే ఏదో చమత్కారం ఉందని నాకు నమ్మకం కలిగేది. పరిశోధనలో ముదిరిపోయినవాడికి అలాంటి నమ్మకం ఇంకెక్కడా దొరకదు. వాడికి సొంతంగా ఒకే ఒక్క కథ వచ్చు. వాళ్ల తాత మేకను బస్సెక్కించిన కథ. బస్సు ఆగుతుంది, తాత మేకను చంకన పెట్టుకుని ఎక్కుతాడు, కండక్టరు వచ్చి మేకను చూసి, "ఇదెవరు?" అంటాడు. అక్కడికి రాగానే నాంపల్లికి నవ్వు ఆగదు. కథ అక్కడే పడిపోతుంది. తాత ఏం జవాబు చెప్పాడో మాలో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాళ్లం.

రోజంతటిలో నాకు బతికినట్టు అనిపించేది ఆ కాసేపే. ఇది ముందే చెప్పిపెడుతున్నాను. తర్వాత నేను చేసిన పనులు చూస్తే మీరు నమ్మరు.

ఆ ఏడాది గ్రేడింగు బృందం వచ్చింది. అంటే విశ్వవిద్యాలయాలకు మార్కులు వేసే పెద్దలు. భవనాలు చూశారు, నల్లాలు తిప్పి చూశారు, భోజనం చేశారు. పోయేముందు వాళ్లలో ఒకాయన చేతులు తుడుచుకుంటూ, "మీ విద్యార్థుల సాంఘిక జీవితం ఎలా ఉంది?" అని అడిగారు. విద్యార్థి వ్యవహారాల డీన్ ప్రొఫెసర్ విశ్వంభరంగారు లేచి నిలబడి, "అలాంటి ఫిర్యాదులేవీ ఇంతవరకు మా దృష్టికి రాలేదండీ" అన్నారు. ఆ ఒక్క జవాబుతో మా గ్రేడు ఒక మెట్టు దిగింది.

విశ్వంభరంగారు పట్టుదల మనిషి. మరుసటి ఏడు బృందం మళ్లీ వస్తుంది. ఆలోగా క్యాంపస్‌లో సాంఘిక జీవితం కనబడాలి. కనబడాలంటే దానికి ఒక బోర్డు ఉండాలి. బోర్డు ఉండాలంటే దానికి ఒక సంఘం ఉండాలి. ఇలా ఆలోచించి ఆయన ఒక సర్క్యులర్ తీశారు. నాకు కంఠతా వచ్చు.

"ఇందుమూలముగా సమస్త విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, ఇద్దరు గానీ అంతకు మించి గానీ విద్యార్థులు, సదుద్దేశముతో గానీ, ఏ ఉద్దేశమూ లేకుండా గానీ, పదే పదే ఒకచోట కలిసి సంతోషముగా కనిపించినచో, అట్టి సంతోషమును సంఘముగా నమోదు చేయించుకొనవలెను. నమోదు కాని సంతోషమునకు విశ్వవిద్యాలయము ఎంతమాత్రమూ బాధ్యత వహించదు."

మర్నాటి నుంచి సెక్యూరిటీ గార్డులకు విజిళ్లు ఇచ్చారు. మెస్ ముందు ఇద్దరు నవ్వుతుంటే విజిల్ వేసి, "ఏ సంఘం?" అని అడిగేవాళ్లు. సంఘం లేనివాళ్లు నవ్వు మింగేసి, ఒకరినొకరు ఎరగనట్టు చెరో దిక్కు నడిచిపోయేవాళ్లు. మా కల్వర్టు దగ్గరికీ విజిల్ వచ్చింది. అప్పుడు మిగిలిన ముగ్గురూ నావైపు తిరిగారు.

"సంఘాల మీదనే గదన్నా నీ పరిశోధన. నువ్వే ఏదన్న చెయ్యి" అంది స్వరూప.

పరిశోధన మొదలుపెట్టాక దాని అవసరం ఒకరికి పడడం అదే మొదటిసారి. నా ఛాతీ కొంచెం పొంగిందని ఒప్పుకుంటున్నాను. 'సాయంకాల సంభాషణా సమితి' అని పేరు పెట్టి, ముగ్గురినీ వెంటేసుకుని డీన్‌గారి గదికి పోయాను.

డీన్‌గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "మీ సమితి ఆశయమేమిటి?"

"కూర్చుంటాం సార్."

"కూర్చుని?"

"కాసేపటికి లేస్తాం సార్."

"ఈ నడుమ జరిగే కార్యక్రమాన్ని ఏమని పిలవవచ్చు?"

యాకూబ్ అందుకున్నాడు. "బజ్జీలు తింటం సార్."

డీన్‌గారు చాలాసేపు కిటికీలోంచి చూశారు. "చూడండి నాయనా. కూర్చొనుట, లేచుట, భుజించుట అనేవి వ్యక్తిగత స్థాయిలో జరిగే ప్రక్రియలు. వాటికి ఒక దార్శనికత ఉండాలి. యువతరంలో భావవ్యక్తీకరణా సామర్థ్యాలను పెంపొందించుట అని పెట్టుకోండి. బజ్జీలు దానికి అనుబంధ కార్యక్రమం కింద వస్తాయి. అధ్యక్షులెవరు?"

ఎవరో ఒకరు కావాలి కదా అని నేను చెయ్యెత్తాను. నా చెయ్యి కొంచెం ముందే లేచిందని స్వరూప తర్వాత దిద్దింది. స్వరూప ప్రధాన కార్యదర్శి అయింది. కోశమే లేకపోయినా యాకూబ్ కోశాధికారి అయ్యాడు.

"కార్యవర్గం సరే. మరి సర్వసభ్య సమావేశం పెడితే రావడానికి సర్వసభ్యులెవరు?" అన్నారు డీన్‌గారు.

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వెనకనుంచి నాంపల్లి అన్నాడు, "నేనున్న గద సార్."

"నీకు పదవి అక్కరలేదా?"

"నాకెందుకు సార్. నేను ఉట్టిగ కూసుంట."

"ఒక్కడివే సర్వసభ్యులవుతావా?"

"అయితెనేమాయె సార్" అన్నాడు నాంపల్లి, నవ్వుతూ. డీన్‌గారు సరిగ్గా అప్పుడే మా కాగితం మీద ముద్ర కొట్టారు కాబట్టి ఆ నవ్వు కూడా నమోదైన నవ్వుల్లోకే వచ్చింది.

నిబంధనల ప్రకారం ప్రతి సమావేశానికీ వేదిక ఉండాలి. వేదిక మీద కార్యవర్గం, ఎదురుగా సభ. మా దగ్గర ఉన్నది పిట్టగోడ ఒక్కటే. అందుకని మేం ముగ్గురం గోడ మీద కూర్చున్నాం. నాంపల్లిని ఎదురుగా రోడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. బండి ఏదైనా వస్తే సభ లేచి, కుర్చీ పట్టుకుని పక్కకు జరిగి, బండి పోయాక మళ్లీ వచ్చి కూర్చునేది. మా వెనక ఒక ఫ్లెక్సీ. అందులో నేను చేతులు జోడించి ఉన్నాను. ఫొటో నేను పరిశోధనలో చేరిన కొత్తలోది, కాబట్టి జుట్టు ఉంది.

స్వరూప మైకు లేకపోయినా మైకు పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి, "మన సమితికి కొండంత అండ, నిరాడంబరులు, మితభాషి, గౌరవనీయులు భిక్షపతిగారిని అధ్యక్షోపన్యాసం చేయవలసిందిగా కోరుతున్నాను" అంది. మితభాషి అన్న ముచ్చట నాకు బాగా నచ్చింది. దాని మీదే చాలాసేపు మాట్లాడాను.

"ఈనాటి యువత ఎదుర్కొంటున్న సవాళ్లలో మొట్టమొదటిది..." అన్నాను.

నాంపల్లి నవ్వాడు.

నేను ఆగాను. ఎప్పుడూ ఆ నవ్వు వింటే నాకు ఇంకో మాట పుట్టేది. ఆ రోజు మొట్టమొదటిసారిగా కోపం వచ్చింది. ఫ్లెక్సీలో చేతులు జోడించుకున్న మనిషిని చూసి నవ్వడమా! గొంతు సవరించుకుని, "సభ్యులు సభామర్యాద పాటించాలి" అన్నాను.

నాంపల్లి ఒక్క క్షణం నన్ను ఎవరో అన్నట్టు చూశాడు. తర్వాత కుర్చీలో సరిగ్గా సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఉపన్యాసమంతా అలాగే విన్నాడు. చివర చప్పట్లు కొట్టాడు. సభ బ్రహ్మాండంగా జరిగిందని యాకూబ్ అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇక క్యాంపస్ సంగతి. ఒక నెల తిరిగేసరికి సంఘం లేని మనిషి లేడు. పొద్దున్నే బకెట్లు పట్టుకుని బాత్‌రూము ముందు నిలబడేవాళ్లు 'ప్రాతఃకాల స్నానార్థుల సమాఖ్య' అయ్యారు. లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చునేవాళ్లదొక సంఘం, ఫ్యాను దొరకనివాళ్లదొక పోరాట సంఘం. ఎంబీఏలో ఒక జంట చాలాకాలంగా ప్రేమించుకుంటున్నారు. వాళ్లూ నమోదుకు పోయారు. అధ్యక్ష పదవి ఎవరికన్న దగ్గర మాట తేడా వచ్చి సంఘం చీలిపోయింది. రెండు వర్గాలూ తమదే అసలు ప్రేమ అని బోర్డులు పెట్టుకున్నాయి.

సభలకు లెక్కలేదు. ప్రతి సభకూ జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛం, శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ. ఒక సంఘం అధ్యక్షుణ్ని ఇంకో సంఘం సన్మానించేది, అతను తిరిగి ఇతన్ని సన్మానించేవాడు. క్యాంపస్‌లో తిరిగే శాలువాల్లో అంచు కాలిన నీలం శాలువా ఒకటుండేది. నూనె దీపం దగ్గర ఎవరో దాన్ని కాల్చారు. ప్రతివారం ఆ శాలువా నా భుజాల మీదికి వచ్చి, మళ్లీ ఎవరికోసమో వెళ్లిపోయేది. అది వచ్చినప్పుడల్లా నాకు కొత్తగానే ఉండేది. మనిషన్నవాడికి ఇంత సిగ్గులేనితనం ఉంటుందని నా థీసిస్‌లో ఎక్కడా రాయలేదు.

ఒక్కటే చిక్కు వచ్చిపడింది. సామాన్య సభ్యుడిగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. పదవి ఇవ్వకపోతే అలిగి బయటికి పోయి సొంత సంఘం పెట్టుకుంటున్నారు. సభలో అందరూ వేదిక మీదే. ఫొటోగ్రాఫర్ కిందినుంచి వేదికను తీసి, వెనక్కి తిరిగి సభను తీయబోతే గోడ వచ్చేది. డీన్‌గారు ఆ ఫొటోలు చూసి ఇంకో సర్క్యులర్ తీశారు. సభికుడు లేని సభను సభగా పరిగణించరాదు. ప్రతి సంఘమునకు కనీసము ఒక సామాన్య సభ్యుడు ఉండి తీరవలెను. అతడు ఇతర సంఘముల నుండి అయినను పరవాలేదు.

పదవి లేని విద్యార్థి కోసం క్యాంపస్ అంతా వెతికారు. ఒక్కడే దొరికాడు.

నాంపల్లికి కాదనడం రాదు. స్నానార్థులు అడిగితే సరే అన్నాడు. ఫ్యాను కిందివాళ్లకు సరే అన్నాడు, ఫ్యాను లేనివాళ్లకూ సరే అన్నాడు. ప్రేమ సంఘం రెండు వర్గాల్లోనూ సభ్యుడయ్యాడు. ఇంకో నెల గడిచేసరికి మా విశ్వవిద్యాలయంలో అన్ని సంఘాలకూ కలిపి సర్వసభ్యులు వాడే. బైకులు వచ్చి వాణ్ని తీసుకుపోయేవి. ఒక సభలో చప్పట్లు అయ్యేలోగా ఇంకో సంఘం వాళ్లు తలుపు దగ్గర హెల్మెట్ పట్టుకుని నిలబడేవాళ్లు. ముందు వరసలో మొదటి కుర్చీ వాడిది. మిగతా కుర్చీల మీద దుమ్ము.

కల్వర్టు దగ్గర మా సమితికి సభ లేకుండా పోయింది. మేం ముగ్గురం గోడ మీద కూర్చుని ఖాళీ రోడ్డు వంక చూసేవాళ్లం. యాకూబ్ ఒకటి రెండు సినిమా కథలు మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. స్వరూపకు దిద్దడానికి తప్పులు దొరకలేదు. నేను మట్టుకు అధ్యక్షుణ్ని. అధ్యక్షుడికి దిగులు రాకూడదు, ఆగ్రహం రావాలి. నాంపల్లి మెస్‌లో ఎదురుపడినప్పుడు వాడి చేతికి ఒక మెమో ఇచ్చాను. 'మీరు సమితి సమావేశములకు వరుసగా గైర్హాజరగుచున్నారు. తగు సంజాయిషీ ఇవ్వనిచో...' అని ఉంది అందులో. గైర్హాజరగుచున్నారు అన్న ముక్క రాసినప్పుడు నాకు ఎంతో ఆనందం కలిగింది.

నాంపల్లి దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచిగ రాసినవన్నా" అన్నాడు. నవ్వలేదు.

గ్రేడింగు బృందం మళ్లీ వచ్చే రోజు వచ్చింది. ఈసారి బృందానికి పెద్ద డాక్టర్ మందాకినిగారు. తెల్ల జుట్టు, తక్కువ మాటలు. వాళ్లకోసం డీన్‌గారు 'సకల సంఘాల మహాసమ్మేళనం' ఏర్పాటు చేశారు. అధ్యక్షులందరూ వేదిక మీద ఉండాలి, ప్రజాస్వామ్యంలో ఎవరినీ తక్కువ చేయరాదు. కార్యదర్శులు మేమేం పాపం చేశామన్నారు. వాళ్లూ ఎక్కారు. కోశాధికారులూ ఎక్కారు. ఆడిటోరియం వేదిక చాలక టెంట్‌హౌస్ వాళ్లను పిలిపించి ముందుకు చెక్కలు పరిపించారు. ఆ చెక్కలు హాలంతా పాకి తలుపు దాకా వచ్చాయి. హాల్లో కుర్చీలన్నీ పైకెక్కాయి. కింద తలుపు పక్కన ఒక్క ప్లాస్టిక్ కుర్చీకి మాత్రం చోటు మిగిలింది. అది నాంపల్లిది.

నా కుర్చీ మూడో వరసలో వచ్చింది. వీపున 'శ్రీ భిక్షపతి, అధ్యక్షులు' అని అంటించి ఉంది. దాన్ని ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చదువుకున్నాను.

బృందం వచ్చింది. వాళ్లనూ సగౌరవంగా పైకి ఆహ్వానించారు. డీన్‌గారు మైకు అందుకుని, "సభకు నమస్కారం" అన్నారు. అని కిందికి చూశారు. ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది.

"సభ ఎక్కడండీ?" అన్నారు మందాకినిగారు నెమ్మదిగా.

"దారిలో ఉందండీ" అన్నారు డీన్‌గారు. మైకు చేత్తో మూసి నన్ను దగ్గరికి పిలిచారు. "మీ సభ్యుడే కదా. ఎక్కడున్నా సరే సాదరంగా, సత్వరంగా తీసుకురావలసింది. మన గ్రేడు ఆ కుర్చీలో ఉంది నాయనా."

నేను పరిగెత్తాను. ఎక్కడ ఉంటాడో వెతకాల్సిన పని లేకపోయింది. కల్వర్టు గోడ మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాడు. పక్కన నా మెమో, దాని మీద ఎగిరిపోకుండా ఒక రాయి.

"తమ్మీ, ఏంది ఇక్కడ కూసున్నవ్? అక్కడ అందరు ఎదురు చూస్తున్నరు. లే, పా!"

"దీనికి జవాబు రాద్దామని కూసున్నన్నా. గైర్హాజరుకు కారణం రాయాలె గద. ఏం రాయాలెనో తోస్తలేదు." మెమో మీది రాయిని సర్దాడు. "నాకు నవ్వు వస్తలేదన్నా. పొద్దుగాల నుంచి రాత్రి దాక కూసుంటున్న. ఎక్కడ చప్పట్లు కొట్టాలె, ఎక్కడ తల ఊపాలె అన్ని తెలుసు. నవ్వే రాదు. నువ్వు వద్దన్న కాడ్నుంచి ఆగింది, మళ్ల తిరుగుత లేదు."

నాకు చెప్పాల్సింది తెలుసు. కానీ హాల్లో నా పేరున్న కుర్చీ ఉంది, డీన్‌గారు ఉన్నారు, గ్రేడు ఉంది. "అదంత తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఒక్కరోజు రా. నేను అడుగుతున్న గద."

నాంపల్లి నా మొహంలోకి చూశాడు. "ఎవరు అడుగుతున్నరు? భిక్షపతన్ననా, అధ్యక్షులవారా?"

నా చెయ్యి దానంతటదే జేబు మీది బ్యాడ్జీ మీదికి పోయింది. అన్న అంటే బ్యాడ్జీ చిన్నబుచ్చుకుంటుంది. అధ్యక్షుడు అంటే వీడు రాడు.

"ఇద్దరం" అన్నాను.

నాంపల్లి మొహం గంభీరంగా పెట్టి తల ఊపాడు. "ఇద్దరయితే నమోదు చేపియ్యాలె గదన్నా."

ముందు నాకే నవ్వు వచ్చింది. నడుం పట్టుకుని కల్వర్టు గోడ మీద కూలబడ్డాను. నన్ను చూసి వాడి భుజాలు కదిలాయి, తర్వాత వాడూ మొదలుపెట్టాడు. ఎన్నాళ్లకో విన్న ఆ నవ్వుకు నాకు ఏడుపు కూడా వచ్చింది. దూరంగా విజిల్ వినిపించింది. గార్డు వచ్చి, "ఏ సంఘం?" అన్నాడు. మేం ఇద్దరం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. అతను కాసేపు నిలబడి చూసి, పోనీలే అన్నట్టు విజిల్ జేబులో వేసుకుని పోయాడు.

"పా అన్నా" అని నాంపల్లే లేచాడు. "నేను రాకపోతే నీ ఇజ్జత్ పోతది."

అలా వాణ్ని తీసుకొచ్చాను. నాంపల్లి తన కుర్చీలో కూర్చున్నాడు. డీన్‌గారి మొహంలోకి రక్తం వచ్చింది. నేను మూడో వరసకు పోయి నా పేరుకు వీపు ఆనించి కూర్చున్నాను. కార్యక్రమం నడిచింది. స్నానార్థులు తమ నివేదిక చదివారు. అసలు ప్రేమ సంఘాల రెండింటి అధ్యక్షులూ ఒకే మైకు కోసం పెనుగులాడారు. నాంపల్లి చప్పట్లు కొట్టాల్సిన చోట కొట్టాడు.

మందాకినిగారు కిందికే చూస్తున్నారు. "ఆ అబ్బాయి ఎవరు?"

"అతడే సభ అండీ" అన్నారు డీన్‌గారు.

"చాలా ఓపిక."

పెద్దలు ఎవరి గురించైనా ఒక మంచిమాట అంటే, ఆ మనిషికి శాలువా కప్పే దాకా డీన్‌గారికి నిద్ర పట్టదు. వెంటనే మైకు అందుకున్నారు. "పెద్దల ఆకాంక్ష మేరకు, ఇన్నాళ్లుగా మన సమావేశాలన్నింటినీ తన ఉనికితో సుసంపన్నం చేసిన సభవారిని, సగౌరవంగా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను!"

నాంపల్లి కాదనలేని మనిషని చెప్పాను కదా. పైనుంచి ఎవరో చెయ్యి అందిస్తే ఎక్కాడు. ప్రతి సంఘం వాళ్లూ తలా ఒక శాలువా కప్పారు. అంచు కాలిన నీలం శాలువా కూడా పడింది. ఆ ఎండాకాలంలో, అన్ని శాలువాల కింద వాడి మొహం మాత్రమే కనబడుతోంది. డీన్‌గారు మైకు వాడి మూతి దగ్గర పెట్టారు. "మీ స్పందన తెలియజేయండి."

"సభకు నమస్కారం" అన్నాడు నాంపల్లి. అని కిందికి చూశాడు.

ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంది. వాడు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. వెనక మేమంతా ఉన్నాం, కానీ మేం వాడి వీపునే చూస్తున్నాం. వాడికి చెమటలు కారుతున్నాయి. వాడు ఇంకాసేపుంటే ఏడుస్తాడని నాకు తెలిసిపోయింది. అంతమంది అధ్యక్షుల ముందు వాడు ఏడిస్తే దానికి కూడా చప్పట్లు కొడతారని తెలిసిపోయింది.

నా కుర్చీని ఇంకోసారి చూసుకున్నాను. గొప్పగా ఏమీ చెప్పడం లేదు, ఒకసారి కాదు, రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత లేచాను. బాత్‌రూముకేమో అని పక్కవాళ్లు కాళ్లు జరిపారు. తీరా చూస్తే మెట్లున్నది వేదిక వెనకాలే, ఇటు దిగడానికి లేవు. తలుపు వైపున మెట్లు వేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఎక్కేవాళ్లు మాత్రమే ఉంటారనుకున్నారు. నేను దూకాను. మోకాలు గోడకు తగిలింది. లేచి పోయి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తలెత్తాను.

నాంపల్లి నన్ను చూశాడు.

"మా తాత ఒకసారి..." అన్నాడు మైకులో.

నేను నవ్వాను. ఇంకా మేక కూడా రాలేదు, అయినా నవ్వాను.

పైన ధబ్బుమని చప్పుడైంది. యాకూబ్ దూకాడు. స్వరూప అంచు మీద కూర్చుని, "చెయ్యి అందుకోరాదు, చూస్తరేంది?" అని మమ్మల్ని కసిరి దిగింది. కుర్చీ ఒక్కటే కాబట్టి వాళ్లిద్దరూ నేల మీద కూర్చున్నారు. తాత మేకను చంకన పెట్టుకున్నాడు. "అప్పుడు కుడి చంక అన్నవ్, ఇప్పుడు ఎడమ అంటున్నవ్" అని స్వరూప కిందినుంచి దిద్దింది. బస్సు ఆగింది. కండక్టరు వచ్చాడు. "ఇదెవరు?" అన్నాడు. అంతే. నాంపల్లి నవ్వు మైకులోంచి ఆ హాలంతా నిండింది. శాలువాలు ఒక్కొక్కటే జారి కింద పడ్డాయి. వెనక వరసల్లో ఎవరో ముందు దగ్గినట్టు నవ్వారు, తర్వాత నిజంగానే నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్లకు తెలియదు. ఇంకో ఇద్దరు చెక్కల అంచు మీద నుంచి కిందికి దిగారు.

"ఇంతకీ తాత ఏమన్నాడు?" అని మందాకినిగారు డీన్‌గారిని అడుగుతున్నారు. డీన్‌గారు ఆ మాట వినడం లేదు, కిందికే చూస్తున్నారు. ఆయన పట్టుదల మనిషి. కింద కొందరు విద్యార్థులు కలిసి సంతోషంగా కనబడుతున్నారు, వాళ్లది ఏ సంఘమో తెలియడం లేదు. మైకు మెల్లిగా నాంపల్లి మూతి దగ్గర్నుంచి తన వైపు లాక్కున్నారు.

"ఈ చారిత్రాత్మక క్షణాన, పెద్దల సమక్షంలో, వేదిక దిగిన విద్యార్థులతో సభికుల సంఘాన్ని ఇక్కడికిక్కడే ప్రారంభిస్తున్నామని ప్రకటించడానికి ఎంతో గర్విస్తున్నాను. దీనికి అధ్యక్షులుగా ఉండడానికి ఎవరు సుముఖులో లేచి చెప్పవలసింది."

యాకూబ్ నావైపు చూశాడు. స్వరూప నావైపు చూడను కూడా లేదు, తల దించుకుంది. నేను లేచి నిలబడ్డాను. లేవాలని ఎప్పుడు అనుకున్నానో నాకు తెలియదు, కాళ్లకే అలవాటైపోయింది. గొంతు సవరించుకున్నాను.

"సార్, అధ్యక్షుడిగా నేను..."

పైన నాంపల్లి నవ్వాడు. డీన్‌గారి చేతిలోని మైకు ఆ నవ్వును కూడా అందుకుంది.

ఆ మాట ఎలా పూర్తిచేద్దామనుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. నేను కూర్చున్నాను.